నలభై గ్రాములు

మిర్యాలగూడ పోస్టాఫీసు కాంట మీద
మా ఫిర్యాదు నలభై గ్రాములు తూగింది.
డెబ్బై ఐదు కిలోల బస్తాను
ఊపిరి బిగవట్టి లారీకెక్కించే మా నాయిన కుర్మయ్య
ఆ కవరును రెండు చేతుల్తో పట్టుకొచ్చిండు,
నిండా పాలున్న గిన్నె లెక్క.

"యాడికి?" అన్నడు గుమాస్త.
"జెనీవా."
"ఏ మండలం?"

కవర్ల ఏమున్నది?
సంఘం పెట్టిండ్రని మిల్లు తీసేసిన పదకొండు పేర్లు.
ఏడు సంతకాలు, అందుల నాలుగు వేలిముద్రలు.
గేటు కాడ సోమ్లా జెండా పాతుతుంటె
వాచ్‌మన్ నీళ్ళపైపు తిప్పిన మసక ఫోటో.
ఇంగ్లీషు చేసింది నేను,
డిగ్రీల రెండు సబ్జెక్టులు తప్పినదాన్ని.
ముకద్దానికి మాట దొరకలే, కొక్కేనికి దొరికింది.
హమాలీని హమాలీగనే ఉంచిన.

తొమ్మిది నెలలకు
ఢిల్లీ ఫెడరేషన్ మీదుగ జవాబొచ్చింది.
పైన నాలుగంకెల కేసు నంబరు.
నాయిన దాని మీద వేలు పెట్టి శానసేపు తియ్యలే.
టౌన్ స్టేషన్ల ఆయన మీద మూడు నంబర్లున్నయి.
ఆయన పెట్టిన కేసుకు నంబరు పడుడు
ఇదే మొదలు.

"చదువు బిడ్డా."
"కమిటీ తీవ్ర విచారం వ్యక్తం చేస్తున్నది..."
"విచారమా, విచారణనా?"
మళ్ళ చూసిన.
విచారమే.

"ఎప్పటికప్పుడు తెలియజేస్తుండాలని
ప్రభుత్వాన్ని కోరుతున్నది."
మాకెవరు తెలియజేస్తరని ఎవ్వరూ అడగలే.
జహంగీర్ మామ బీడి ఆర్పుకుంట
"అంత పెద్దోళ్ళకు గూడ
కోరుడే ఉన్నదన్నట్టు" అన్నడు.

వారానికి లేబర్ ఆఫీసు జీపు మిల్లుకొచ్చింది,
మూడేండ్లల మొదటిసారి.
అమ్మకు సద్ది ఇయ్యవోయి నేను ఆడనే ఉన్న.
సారు జీతాల రిజిస్టరు అడగలే,
తీసేసినోళ్ళ ముచ్చట అడగలే.
నోటుబుక్కు తెరిచి
"జెనీవాకు రాసిందెవరు?" అన్నడు.

కన్వేయర్ ఆపిండ్రు.
ఊక దుమ్ము నిమ్మళంగ కిందికి దిగుతున్నది,
చాటల మీద, కొంగుల మీద, సారు బూట్ల మీద.
నా గొంతుల మాట ఉన్నది, పైకి రాలే.

నూకలు చెరిగే సైదమ్మ,
మా కాయితంల ఏ మూలనా పేరు లేనిది,
చాట దులిపి పక్కన పెట్టి
బొటనవేలు కొంగుకు తుడుచుకుంట లేచింది.

"రాసినోళ్ళు రాసిండ్రు సారూ,
నేనింకా ముద్ర వెయ్యలే.
సిరా ఉన్నదా మీ కాడ?"