దుమ్ము అని రాసిన చోట

చెంగల్రాయుడి నోటుబుక్కులో
బోరు వేసిన ప్రతి చోటికీ ఒక వరస.
పేరు, ఊరు, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచుల నీళ్ళు.
నీళ్ళు లేని చోట సున్నా పెట్టడు,
"దుమ్ము" అని రాస్తాడు.
పంతొమ్మిదేళ్ళు రిగ్గు బండి తోలిన చేతిరాత
గతుకుల దారిలోనే రాసినట్టుంటుంది.

పలమనేరులో విత్తనాల అంగడి మిద్దె మీద మా గది.
వేరుశనక్కాయల వాసన, కిర్రుమనే ఫ్యాను,
బెంగళూరులో ఎవరో వద్దనుకున్న కంప్యూటరు.
ఎండాకాలమంతా ఇంతియాజూ నేనూ
ఫోన్లు పట్టుకొని ఆ పుస్తకం వెంట నడిచాం.
పూడిన గొట్టాల పక్కన నిలబడి
అక్షాంశం, రేఖాంశం రాసుకున్నాం.
కొన్నింటి మీద బండరాయి.
ఒకదాని మీద కోళ్ళగంప.

పటాన్ని ఇంటర్నెట్లో పెట్టడానికి
ఒక కంపెనీ ఏడాదికి అడిగిన సొమ్ముతో
రెండు బోర్లు వేయొచ్చు.
"అవీ దుమ్మే అయ్యుండేవి" అన్నాడు ఇంతియాజ్.

అప్పుడు దొరికింది ఆ సాఫ్ట్‌వేరు.
దుడ్లు అడగలేదు, ఏ ఊరని అడగలేదు,
రోడ్డు పక్క చలివేంద్రంలా తెరిచి ఉంది.
లోపల ఎవరో రాసిన వరసలు,
వాటి పక్కన ఇంకెవరో దిద్దిన వరసలు,
"ఇక్కడ నాకూ సరిగ్గా అర్థం కాలేదు, జాగ్రత్త" అని
ఒక నిజాయితీపరుడి మాట.
తాగి పో. వీలైతే ఒక బిందె పోసి పో.
అంతే దాని షరతు.

మొదటి రాత్రి పటం తెరిస్తే
పలమనేరు చుట్టుపక్కలంతా ఖాళీ.
పదకొండువందల నలభై మూడు బోర్లు,
ఒక్క చుక్క లేదు.
ఇంతియాజ్ పటాన్ని వెనక్కి లాగాడు.
జిల్లా, దేశం, సముద్రం,
ఇంకా వెనక్కి, భూమి నడినెత్తి దగ్గర
ఒక మంచుదీవి మీద గుంపుగా
మావే, ఎర్ర చుక్కలు.
అక్షాంశం కూర్చోవాల్సిన చోట
రేఖాంశం కూర్చుంది.
పదమూడు, డెబ్భై ఎనిమిది పీటలు మార్చుకుంటే
మా గంగవరం తెల్ల ఎలుగుబంట్ల పాలు.

చెంగల్రాయుడు పడీ పడీ నవ్వాడు.
"పోనీలే నాయనా,
ఈడ పడని నీళ్ళు ఆడన్నా పడతాయేమో."
మంచులో ఒక చుక్క మీద వేలు పెడితే
పేరు తెరుచుకుంది.
"పెద్దపంజాణి గోవిందప్ప.
పన్నెండొందల అడుగులు పొయ్యింది, పాపం."
ఇక నవ్వలేదు.

తిరగబడ్డ వరసకు మందు
ఆ కోడు పక్కనే ఎవరో రాసిపెట్టారు.
వాళ్ళ ఊరు ఒకసారి సముద్రంలో పడిందట.
ఒక్క మాట మార్చాం.
దొడ్డి గుర్తుపట్టిన గొర్రెల్లా
చుక్కలన్నీ తోసుకుంటూ ఇంటికొచ్చాయి.
నీలం కొన్ని.
పుంగనూరు దారి పొడుగునా ఎరుపే,
తట్టు పోసినట్టు.

మూడో వారం ఒక ఫోను.
కొలమాసనపల్లె నుంచి ధనకోటి.
"మా మనవరాలు చూపించింది.
నా చేన్లో రెండే ఉండాయి చుక్కలు.
నేనేసింది మూడు కదా?"
పుస్తకంలో రెండే ఉన్నాయమ్మా అన్నాను.
"మూడోది వేరే బండి, అరవోళ్ళది.
కమ్మలు కుదవపెట్టి రాత్రిపూట వేయించినా.
ఎవురికీ చెప్పలా."
కాసేపు ఊపిరి చప్పుడు.
"అదీ పెట్టు."
పోనీలేమ్మా, ఎందుకిప్పుడు, అంటే
"పక్క చేనోడు గట్టుకు అవతల
ఆడికాడే ఎయ్యాలని చూస్తా ఉండాడు."

మర్నాడు బస్సెక్కి వెళ్ళాం.
చింతచెట్టు నుంచి తూర్పుకు ఆమే అడుగులు వేసింది,
చెప్పులు విడిచి, పెదాలతో లెక్కపెడుతూ.
ఫోను ఉపగ్రహాల కోసం వెతుకుతుంటే
ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడింది.
చెవి రంధ్రంలో వేపపుల్ల.
"లోతు?" అన్నాడు ఇంతియాజ్.
"తొమ్మిదొందల ఎనభై."
"నీళ్ళు?"
"ఆ బండాయప్ప ఏమని రాసేది?"
చెప్పాం.
"అదే రాయి."