కుడి చానెల్

పాత దుప్పట్లో చుట్టి, చక్రాల సంచీలో లాక్కుంటూ
నవంబరు బురదలో మూడు వీధులు దాటి తెచ్చింది గెనొవేఫా.
పద్నాలుగు కిలోల యాంప్లిఫయర్.
"పదకొండేళ్ళుగా అటక మీదే" అంది,
నేరం ఒప్పుకున్నట్టు.

మూత విప్పితే ముందు వాసన.
ఎలుకల సంసారం. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన
నూలుపోగులతో, చాక్లెట్ కాగితాలతో గూడు.
వూచ్ నగరం కదా,
ఇక్కడ ఎలుకలకీ నేత వచ్చు.
వాటి ఉచ్చ రాగిదారుల్ని పచ్చగా తినేసింది.
కెపాసిటర్లు పొట్టలుబ్బి, పగిలి, జిగురు కార్చుకుని ఎండిపోయాయి.
కుడివైపు ఇంకా ఘోరం: నాలుగు ట్రాన్సిస్టర్లు చచ్చి
వాటి కింద బోర్డు బొగ్గు.
వేలు పెడితే వేలికి అంటింది.

"పారెయ్" అన్నాడు పక్క బల్ల ఒల్గియెర్ద్.
"దీనికన్నా బూడిద నయం, పూలకుండీకి పనికొస్తుంది."

నేను పళ్ళు తోమే బ్రష్షు తీశాను.
సబ్బునీళ్ళు, స్పిరిటు, మళ్ళీ స్పిరిటు.
ఎడమవైపు నాలుగు సాయంత్రాల్లో దారికొచ్చింది.
కుడివైపు మూడు వారాలు తినేసింది.
దారి తెగిన చోటల్లా వెంట్రుకంత తీగ వేసి అతికాను.
ఆ రకం ట్రాన్సిస్టర్లు ఇప్పుడెవరూ చెయ్యరు;
చచ్చిన ఇంకో మూడు పెట్టెల్లోంచి ఏరుకొచ్చి
జతకి జత కలిసేదాకా కొలిచాను,
జాతకాలు పట్టుకు తిరిగే పెళ్ళిళ్ళ పేరయ్యలా.

ఒక్క సంగతే అర్థం కాలేదు.
బ్యాలెన్స్ నాబ్ లోపలి జాడ
ఎడమ చివరన మాత్రమే అరిగి ఉంది.
మిగతా దారంతా కొత్తది.

మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వం.
మధ్యలో ఒక బల్బు పెడతాం, పాతకాలపు అరవై వాట్లది.
లోపల ఎక్కడ తప్పున్నా భగ్గుమని, వెలుగుతూనే ఉంటుంది.
అంతా సవ్యమైతే ఒక్కసారి మెరిసి
మెల్లగా కొండెక్కుతుంది.
దీపం కొండెక్కాలని మొక్కుకునేది
లోకంలో మా వృత్తివాళ్ళొక్కరే.

మొదటి రాత్రి వెలిగింది. రెండో రాత్రీ వెలిగింది.
ఒక డయోడు తిరగేసి అతికానని
మంచం మీద, కళ్ళు మూసుకున్నాక తెలిసింది.
మూడో రాత్రి
మెరిసింది. ఎర్రబడింది. ఆ ఎరుపు కూడా
తీగలోకి వెనక్కి పోయింది.
ఒల్గియెర్ద్ టీ గ్లాసు కింద పెట్టాడు, ఏమీ అనలేదు.

శనివారం ఆమె వచ్చింది.
నాబ్ సరిగ్గా నడిమికి పెట్టి
రెండు స్పీకర్లూ పలికించి, పక్కకి జరిగి నిలబడ్డాను.
ఆమె చెయ్యి చాచి
నాబ్‌ని ఎడమకి తిప్పేసింది, చివరికంటా,
సొంతింటి గడియ వేసుకున్నంత మామూలుగా.

"కుడి చెవి మిల్లులోనే వదిలేశాను" అంది.
ఇరవై ఆరేళ్ళు. ఆ వైపు మగ్గాలు నలభై.

కుడి చానెల్ ఎప్పుడు పోయిందో ఆమెకి తెలియదు.
మూడు వారాల మాట నేనెత్తలేదు.
బిల్లులో ఒక వైపుకే డబ్బు రాశాను.

కళ్ళజోడు పెట్టుకుని చదివి, పెన్ను అడిగి,
అంకె కొట్టేసి రెట్టింపు వేసింది.
"రెండోదానికీ తీసుకో.
మా ఇంటికొచ్చేవాళ్ళకి రెండు చెవులుంటాయి."

పోతూ పోతూ, ఎలుకలు ఏం చుట్టుకున్నాయని అడిగింది.
సొరుగు తీసి గూడు చూపించాను.
ఒక పోగు లాగి, కిటికీ వెలుతురుకి పట్టి
రెండు వేళ్ళ మధ్య మెలిపెట్టింది.
"మాదే" అంది. "నలభయ్యో నంబరు."