నింబుల్

తొమ్మిదో తరగతి, రెండో పీరియడ్.
బోర్డు మీద కొత్త మాట రాసిన: నింబుల్.
వెనుక బెంచీ నుంచి ఒక గొంతు,
"నింబు షర్బతా, టీచర్?"
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్విన.
నవ్వుకుంటనే అర్థం రాయబోయి
చాక్‌పీసు గాలిల పట్టుకొని నిలవడ్డ.

చురుకు అందామంటే
అది ఎండకు కూడా ఉంటది, వాతకు కూడా ఉంటది.
చలాకీ అంటే మా దిక్కు
మాటల మీద బతికేటోనికి ఇచ్చే బిరుదు.
లాఘవం పుస్తకంల పుట్టి పుస్తకంలనే పెరిగింది,
కోరుట్ల బస్టాండుల ఎన్నడూ దిగలే.
ఆఖరికి చేతివాటం అని రాసిన.
రాసి, కొంగుతోటి తుడిచేసిన.
పోయిన నెల స్టాఫ్ రూముల పర్సు పోతే
అటెండరు మీద పడ్డది ఆ మాటే.

సాయంత్రం ఇంట్ల లావు డిక్షనరీ దించిన.
తవ్వుకుంట పోతే ఆ పదం వేరు కాడ
'తీసుకొనుట' అని ఉంది.
చప్పున అందుకునేది, అని.
దానికొక పాత చుట్టం ఉందట,
ఆ చుట్టం చేసేది దొంగతనమేనట.
నడుమల 'బి' మొదట లేదు,
పలికే నోటికి సౌలతని
తర్వాతెప్పుడో వచ్చి ఇరికి కూసుంది.
అంటే, ఇంగ్లీషోళ్లకు కూడా
వేగంగ కదిలే చెయ్యిని చూస్తే
జేబు తడుముకునే అలవాటే!

షర్బతు అడిగిన పిల్ల, అడెపు సుజన,
బుధవారం నుంచి బడికి రాలే.
శనివారం బడి ఇడిసినంక
అడుక్కుంట అడుక్కుంట వాళ్లింటికి పోయిన.
అర్రల తడి తునికాకు వాసన.
ఒళ్లె చాట పెట్టుకొని రాజమణి.
ఆకు మీద రేకు, రేకు చుట్టూ కత్తెర,
చిటికెడు తంబాకు, ఒక్క దొర్లింపు,
మూతి మడత, దారం రెండు చుట్లు.
నేను నమస్తే అనుడు పూర్తి గాలే,
బీడీ అయిపోయింది.
ఆమె కండ్లు నా మొకం మీదనే ఉన్నయి.
ఇరవై రెండేండ్ల కింద పని నేర్చిన ఆ చేతులు
ఆమెనెప్పుడో మర్చిపోయినట్టున్నయి.

"ఒకటి నేను చుడుతనే" అన్న.
నా దారం ఊడింది, తంబాకు చీర మీద పడ్డది.
రాజమణి నవ్వి దగ్గింది,
దగ్గుకుంటనే ఇంకో రెండు చుట్టింది.
"జరం తగ్గలే టీచరమ్మా, నడుము లేస్తలేదు.
అందుకే కార్ఖానాకు బిడ్డను తోలుతున్న."

అప్పుడే వచ్చింది సుజన.
ఖాళీ సంచి మూలకు ఇసిరి, నన్ను సూసి
గోడకు ఆనుకున్నది.
"వెయ్యిల అరవై ఛాట్ కింద తీసిండు, అమ్మా."
"వాపసు ఇచ్చిండా?"
"ఎన్నడన్న ఇచ్చిండా?"
మంచిగ లేవన్న బీడీలు
మున్షీ బల్ల కింది డబ్బాల పడ్డయట.
కట్టను ముట్టుకున్నట్టే ఉండదట,
లెక్క మాత్రం తగ్గుతదట.
కాసేపు ఎవ్వలం మాట్లాడలే.
రాజమణి చేతులు ఒక్కటే మాట్లాడుతున్నయి.

సుజన నా దిక్కు తిరిగి,
మొన్నటి పాఠం అప్పజెప్పినట్టు,
"ఆయననే టీచర్, నింబుల్" అన్నది.

ఆ మాట వేరు సంగతి
నేను ఎవ్వలకూ చెప్పలే.
డిక్షనరీ వాళ్లింట్ల లేదు.

మంగళవారం యూనిట్ టెస్టు.
సొంత వాక్యంల ప్రయోగించుము, రెండు మార్కులు.
అందరు కోతి అని రాసిండ్రు,
ఇద్దరు పిల్లి అని రాసిండ్రు.
సుజన రెండు వాక్యాలు రాసింది,
ఒకటి అమ్మ చేతుల మీద, ఒకటి మున్షీ చేతుల మీద,
రెండింట్ల అదే పదం,
రెండింట్ల 'బి' లేదు.

ఎర్ర పెన్ను మూత తీసిన.
స్పెల్లింగు తప్పుకు అర మార్కు.
తీసుడు ఎంతసేపు!
పదిహేడేండ్ల అలవాటు,
కాయితం ముట్టుకున్నట్టే ఉండదు.