అచ్చు రేకులు

జూన్ వచ్చిందంటే నా చేతులు నీలం.
నీలం మామిడి కాదు, సిరా నీలం.
చిత్తూరు దాటినాక గుడిపాల రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ,
రాత్రి షిఫ్టు.
డ్రమ్ముకు అచ్చు రేకు ఆనించి
కుంచెతో దేశం పేరు అద్దేది నా పని.
ఏడో తరగతిలో ఆసియా పటం గీయలేక
బెత్తం దెబ్బలు తిన్న చెయ్యే ఇది.
ఇప్పుడు రాత్రికి మూడు వందల తూర్లు
తప్పు లేకుండా రాస్తాది.

నాకు దేశాలు నాలిక మీదనే తెలుసు.
ల్యాబులో ఇంతియాజ్ గొట్టంలో కన్ను పెట్టి
తీపిని అంకెల్లో చెబుతాడు.
సౌదీకి రంగు ముఖ్యం, ఖాదరు కాయ గుజ్జే కావాల.
మలేషియా పులుపుంటే సర్దుకుంటాది,
కాయితం ఒకటి తగ్గితే సర్దుకోదు.
జపానుకు నల్లచుక్క ఒక్కటి కనబడినా లోడు వెనక్కే,
పెండ్లిచూపులకొచ్చినోళ్ళు కూడా
అన్ని వంకలు పెట్టరు.

"వీటిల్లో ఏది మంచి దేశం మే?"
మూతలు బిగించే మస్తానమ్మను అడిగినా ఒకసారి.
కువైట్‌లో ఆరేండ్లు చాకిరీ చేసొచ్చిన మనిషి.
స్పానరు ఆపకుండానే చెప్పింది:
"మొదటింట్లో పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళమేసిరి.
రెండో ఇంట్లో నాకు జొరమొస్తే
ముసలామె రాత్రంతా కూసోని తడిగుడ్డ ఏసింది.
రెండిండ్లకీ నడాన ఒకటే గోడ.
ఏది కువైటో నువ్వే చెప్పు."

గోడకు వరసగా మేకులు, మేకుకొక రేకు.
కొనాకు యెమెన్.
నేను చేరిన కొత్తలో దానికే పని ఎక్కువ,
అక్షరాల అంచులరిగి సిరా పక్కకు కారేది.
ఉన్నట్టుండి ఆర్డరు నిలిచిపోయింది.
ఎందుకని మాకెవురూ చెప్పలే, మేమూ అడగలే,
కూలి ఏ దేశం రాసినా ఒకటే కదా.
ఇంతియాజ్ ఫోన్లో చూపించినాడు ఒక పూట:
ఖాళీ రేవు, సగం కూలిన గోడ,
గోడ పక్కన డ్రమ్ము బోర్లించుకోని కూసున్న పిల్లోడు.
ఆ డ్రమ్ము మాది కాదు, చూస్తానే తెలిసిపోయింది.
అయినా వేళ్ళతో పెద్దది చేసి చేసి చూసినా,
యాడైనా నా నీలం ఉండాదేమోనని.

మొన్న రాత్రి చెంగల్రాయుడన్న వచ్చి
"ఆ కొనా రేకు దించు, ఎనభై డ్రమ్ములు" అన్నాడు,
ఉప్పు తెమ్మన్నంత మామూలుగా.
రేకంతా తుప్పు.
నడిమి అక్షరంలో సాలీడు కాపురం పెట్టింది.
కిరసనాయిలు గుడ్డతో తుడిచినా,
వేలు తెగింది, కట్టుకున్నా.
మస్తానమ్మ స్పానరు కింద పెట్టి
రెండో కొస పట్టుకునింది.
ఇద్దరమూ ఏం మాట్లాడలేదు.
మొదటి డ్రమ్ము మీద అక్షరాలు మసకగా పడినాయి.
పదో డ్రమ్ముకు తేటపడినాయి.

అన్ని దేశాలకూ ఒకటే రేకు ఇంకొకటి ఉండాది,
చిన్నది, పేరు కింద అద్దేది:
ఎండ తగలనీయకూడదు.

పొద్దున షిఫ్టు దిగి గేటు దాటితే
రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు,
రెండు దినాలుగా కదలని వరస.
గంగాధరనెల్లూరు పక్క ఆయనంట, దొరస్వామి,
చక్రం నీడలో కూసోని నా చేతులు చూసినాడు.
"లోపల పనిచేస్తావా మే?
ఈ తూరి మా కాయ యాడికి పోతా ఉంది?"
చెప్పినా.
"ఆడ మామిడి చెట్లుండవా?"
"తెలీదన్నా."
"కిలో నాలుగంటా ఉండారు ఈడ.
ఆడోళ్ళు ఎంతకు తాగుతారో."
అదీ తెలీదు నాకు.

ఎండ ఎక్కుతా ఉంది.
ఆయన లేచి తలపాగా విప్పి
తోతాపురి కుప్ప మీద పరిచినాడు.
గుడ్డ చాల్లేదు,
ఒక మూల కప్పితే ఇంకో మూల బయట పడతా ఉంది.
బట్టతల మీద చెయ్యి అడ్డం పెట్టుకోని
గేటు పక్కకే చూస్తా నిలబడినాడు.