ముడి పడనివ్వని మాత్ర

నలభై ఏళ్లు ఈసాఫ్యోర్దుర్ రేవులో
వలలు బాగుచేశాను.
చిటికెన వేలి మీద నైలాను కోసిన గీత
ఇప్పటికీ తెల్లగానే ఉంది.

డాక్టర్ యోరున్‌ది మా చిన్నమ్మాయి ఈడు.
కాగితం మీద జంట పురుల తాడు గీసి
"ఇది రోజూ తెగుతుంది స్టెయిన్‌వోర్,
ఒక్కో కణంలో వేలసార్లు.
ఎండ తగిలినా, ఊపిరి పీల్చినా" అంది.
ఎండా! నవ్వొచ్చింది.
నవంబరులో మా కొండల వెనక దిగినవాడు
జనవరి ఆఖరుకి గానీ మొహం చూపడు.

ఒక పురి తెగితే అతికేవాడు ఒకడట.
రెండూ తెగితే, పక్కనున్న మంచి తాడు చూసి
కన్నూ కన్నూ లెక్కపెట్టి అల్లేవాడు ఇంకొకడు.
ఆ రెండోవాడు మా ఇంట్లో సగమే.
నాన్న వైపు నుంచి. ఆయనకేమీ కాలేదు,
గుద్రీదుర్ అత్త మాత్రం నలభై ఒకటికే పోయింది.
మాకు ఇంటిపేర్లుండవు, తండ్రి పేరే తోక.
ఇంటిపేరులా దిగి వచ్చింది ఇదొక్కటే.

గడ్డలో ఆ సగమూ పోయిందట.
ఇక మొదటివాడి చేతి మీదే దాని బతుకు.
"ఆ చేయి కట్టేస్తాం" అంది.
ముడి వేయబోయి వాడు తాడుకే అతుక్కుపోతాడు,
గడ్డ తన చిరుగుల్లో తనే మునుగుతుంది.
మిగతా ఒంట్లో రెండోవాడున్నాడు,
సగం జీతానికైనా పని చేస్తాడు.

అంటే, బాగుచేయనివ్వకపోవడమే వైద్యమా?
తలూపింది.
చేతులు బల్ల కింద దాచుకున్నాను.

ఎవరు కనిపెట్టారని అడిగాను.
ఈస్టులో, బ్యాక్టీరియాలో
తెగింది ఎలా అతుకుతుందో
ఏళ్ల తరబడి చూస్తూ కూర్చున్నవాళ్లట.
మందు చాలామంది తలపులోనే లేదట.
నాకు తెలుసు ఆ కూర్చోవడం.
వల తీరు తెలిసేది చిరిగిన చోటే.

పొద్దున రెండు, రాత్రి రెండు.
నోట్లో తుప్పు. కాఫీ వాసన పడదు.
స్కానుకి రేక్యావిక్, చిన్న విమానం,
గాలి లేస్తే అదీ లేదు.
పద్నాలుగు నెలలకి
గడ్డ కాడ్ చేప కన్నంత.

కొన్ని గడ్డలు మళ్లీ అల్లడం నేర్చుకుంటాయట.
అప్పుడీ మాత్ర పారదు.
యోరున్ నేల చూస్తూ చెప్పింది.
నాకెందుకో కోపం రాలేదు.
పని నేర్చుకునేవాళ్లను
నేనెప్పుడూ కసరలేదు.

ఇవాళ సూర్యుడొచ్చే రోజు.
వీధంతా పలచటి అట్ల వాసన,
పక్కింటి హాల్‌వార్దుర్ తలుపు కొట్టి మరీ పిలిచాడు.
కిటికీలో చేతులు చాపి నిలబడ్డాను.
తెగనీ, ఇంకో వేయి.
ఉన్నాడుగా లోపల
సగం జీతగాడు.