తల ఊపితే జవాబు కాదు

గోడలకు చెవులుంటాయంటారు.
పదకొండేళ్లుగా ఈ డులూత్ కోర్టులో
ఆ గోడను నేనే.

నా యంత్రానికి ఇరవై రెండు మీటలు,
ఒక్కదాని మీదా అక్షరం ఉండదు.
మాట ఇంకా గాల్లో ఉండగానే వేళ్లు పట్టేస్తాయి.
దొంగ మాటైనా దొర మాటైనా ఒకటే వేగం.
నిమిషానికి రెండొందల ముప్ఫై మాటలు,
అందులో ఒక్కటీ నాది కాదు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద
చేప బొమ్మ అయస్కాంతం కింద ఒక ఉత్తరం:
"ఐలా కోర్పెలా గారూ, మా లా స్కూల్లో
మీకు సీటు ఇస్తున్నందుకు సంతోషిస్తున్నాం."
వాళ్ల సంతోషానికి బయానా ఐదొందల డాలర్లు.
శుక్రవారం గడువు.

కరెంటు బిల్లు వెనక లెక్క కట్టాను.
మూడేళ్లు. లక్షా ముప్ఫై వేల అప్పు.
ఆ అప్పు తీరేనాటికి
నాకు కళ్లజోడు మీద కళ్లజోడు కావాలి.
అన్న ఎయినో ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
"ఈ డబ్బుకి మంచి పడవ వస్తుంది" అన్నాడు.
వాడికి ఏ ప్రశ్నకైనా జవాబు పడవే.

మార్గిట్‌ని అడిగాను, తను లాయరు.
రోజుని ఆరేసి నిమిషాల ముక్కలుగా తరిగి
ముక్కకింత అని బిల్లు వేసే ఉద్యోగం.
"రాత్రి పాప ఏడిస్తే లేచి ముందు గడియారం చూశానే,
ఈ ఆరు నిమిషాలు ఎవరి ఖాతాలో రాయాలా అని.
వద్దు. రాసిపెట్టుకో, నీకు అలవాటేగా" అంది.
కాఫీ డబ్బులు మాత్రం తనే ఇచ్చింది.

వద్దనే అనుకున్నాను.
కానీ నవంబరు తొమ్మిది వదలడం లేదు.

ఇళ్లు ఖాళీ చేయించే కేసులు, ఆ పూట పదిహేడోది.
డెలోరిస్ విట్కో, చెవులు కప్పే ఉన్ని టోపీ,
చంకలో చెప్పుల పెట్టె, అందులో రసీదులు.
ఆమె తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు లేరు.
"నోటీసు మీకు అందిందా?" అన్నాడు ఇంటివాళ్ల లాయరు.
ఆమె తల అడ్డంగా ఊపింది.
"అందిందా?"
మళ్లీ ఊపింది, టోపీ తాళ్లు రెండూ కదిలాయి.
జడ్జిగారు కాగితాల్లో ఉన్నారు.

నోటితో అన్నదే రికార్డు.
తల ఊపితే జవాబు కాదు.
"జవాబు లేదు" అని కొట్టాను.
మళ్లీ, "జవాబు లేదు".
నాలుగు నిమిషాల్లో ఇల్లు పోయింది.
చెప్పుల పెట్టె మూత ఎవరూ తీయలేదు.

నిజానికి నేను అడగొచ్చు:
"అమ్మా, నోటితో చెప్పండి" అని.
ఆపాటి హక్కు గోడకీ ఉంది.
అప్పటికే పన్నెండున్నర. మణికట్లు మండుతున్నాయి.
అడగలేదు.

అందుకే ఈ ఉత్తరం తీసి చించలేను,
సంతకం పెట్టలేను.
నాకు కావలసింది మూడేళ్ల చదువా,
ఆ పూట నోరు తెరిచేంత తెగువా?
రెండోదానికి ఫీజు లేదు.
రెండోదాన్ని నేర్పే బడి కూడా నాకు తెలీదు.
నల్లకోటు తొడుక్కుని, అప్పుకి జడిసి,
నేనూ ఏ ఇంటివాళ్ల పక్కనో నిలబడి
"అందిందా?" అని రెండుసార్లు అడగనని
పూచీ ఎవరు?

గురువారం సాయంత్రం.
కాలువ మీద వంతెన పైకి లేచింది.
ఇనుప ఖనిజం నింపుకున్న ఓడ
వీధంత పొడుగు, తాపీగా సరస్సులోకి పోతోంది.
కారు అద్దాలు ఎక్కించి, ఇంజను ఆపి,
గొంతు సవరించుకుని పైకే అన్నాను:
"సాక్షి తల అడ్డంగా ఊపిందని
రికార్డులో నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను."

గొంతు బొంగురుగా ఉంది, ఎవరిదో అరువు తెచ్చినట్టు.
మరోసారి అన్నాను.
స్టీరింగు మీద వేళ్లు వాటంతటవే
నా మాటని కొట్టుకుంటూ పోతున్నాయి.

వెనక కారువాడు హారను మోగించాడు.
వంతెన ఎప్పుడు దిగిందో చూడలేదు.