ఉప్పులేని సముద్రం స్టేజి

నర్సంపేట దాటినంక పదకొండో స్టేజి.
బోర్డు మీద పేరు సగం తుప్పు, సగం ఎలక్షన్ పోస్టరు.
గొంతెత్తి నేనే చదువుతా:
"ఉప్పులేని సముద్రం! దిగేటోళ్లు ముందటికి రాండ్రి!"

పాతోళ్లు నవ్వరు.
కొత్తోళ్లు కిటికీలకెళ్లి మెడలు సాపుతరు.
రెండు గుట్టలు, మక్కజొన్న చేన్లు,
పంక్చరు దుకాణం ముంగట ఊగే పాత ట్యూబు,
ఆటెన్క ఆరు ఫర్లాంగుల చెరువు.
"గిదా సముద్రం?" అన్నడొక బీటెక్ పోరడు.
"చూసినందుకు పైసలు గుంజలే గద బిడ్డా" అన్న.

ఎవ్వరు పెట్టిన్రో ఆ పేరు.
తవ్విచ్చిన దొరకు గొప్పలెక్కువనీ,
కట్టకు రాళ్లు మోసిన ఒడ్డెరామె
గంజిల ఉప్పు లేక ఆ మాటన్నదనీ
చేపలు పట్టే సారంగం చెప్తడు.
తాగినప్పుడు వేరే కత చెప్తడు.

టికెట్ మిషన్ల ఆ పేరుకు జాగ చాలదు.
"ఉప్పులేని సము" దాకే వస్తది.
మిగిలిన "ద్రం" ఎటు పోతదో
పన్నెండేండ్ల సంది నాకు తెల్వదు,
డిపో మేనేజరుకు అసలే తెల్వదు.

మొన్న ఎండకాలం, ఓ మంగళవారం,
వరంగల్ల ఎక్కింది సూరాడ ఎల్లాయమ్మ.
భీమిలి అవతల ఏదో పల్లెనట.
నెత్తిన చుట్టకుదురు, రెండు గంపల ఎండుచేపలు.
బస్సు బస్సంతా ముక్కు మూసుకున్నది.
ఆధార్ చూపెట్టింది. ఆంధ్రది.
జీరో టికెట్ రాదమ్మా అంటే
"సేపకి నేని సరిహద్దు నాకేటే తల్లీ" అనుకుంట
కొంగుముడి ఇప్పింది.
ఆమెకో టికెట్, గంపలకు లగేజీ.
వాసనకు మిషన్ల కోడ్ లేదు, ఉంటే అదీ కొడుదును.

స్టేజి పేరు ఇన్నంక నవ్వింది చూడు,
గంపలు ఊగి నెత్తళ్లు రాలినయ్,
డ్రైవర్ యాకూబ్ భాయ్ అద్దంల చూసి బ్రేకేసిండు.
"ఉప్పు నేని సంద్రమేటే! మొగుడు నేని కాపరం నాగ!"
ఎనక సీట్ల ముసలామె కిసుక్కుమన్నది.
ఆమె మొగుడు పక్కనే కూసున్నడు.

అంగడి ఇంకా ఏడు స్టేజీలుండంగ
గంపలెత్తుకోని అక్కడనే దిగింది.

ఆ రాత్రి ఆఖరి ట్రిప్పుల ఎనక టైరు పోయింది,
సరిగ్గా పంక్చరు దుకాణం ముంగట.
దుకాణానికి తాళం.
యాకూబ్ భాయ్ జాకీతోని కొట్లాడుతుంటే
నేను కట్ట ఎక్కిన.
సముద్రం నేను చూడలే. నలభై మూడేండ్లొచ్చినయ్.
కన్యాకుమారి టూరుకు రెండుసార్లు పేరిచ్చిన,
రెండుసార్లు డ్యూటీ పడ్డది.

కట్ట కింద, థర్మాకోల్ తెప్ప పక్కన
ఎల్లాయమ్మ, సారంగం బేరమాడుతున్నరు,
కిలో బొచ్చెకు ఎన్ని దోసిళ్ల నెత్తళ్లని.
ఒకరి మాట ఒకరికి సగమే సమజైతున్నట్టుంది,
మిగిలిన సగం తిట్లతోని నింపుకుంటున్నరు.

నన్ను చూసి ఆమె జరిగి జాగిచ్చింది.
"నీల్లు రుసి సూసినాను. సప్పగున్నాయి.
అయినా సంద్రానికి సెల్లెలు వరస నాగుంది.
ఓపాలి కల్లు మూసుకోయే."

మూసుకున్న.
గాలి గుట్టల నడుమకెళ్లి ఒచ్చింది.
నీళ్లు తూము రాయికి తాకినయ్.
ద్రం.
కొంచెం ఆగి, మల్ల,
ద్రం.

నేనేం అనలే.
ఆమెకు మిషను సంగతి తెల్వదు.

యాకూబ్ భాయ్ హారన్ కొట్టిండు.
లేస్తుంటే చేతుల పొట్లం పెట్టింది, నెత్తళ్లు.
పైసలియ్యబోతే "లగేజీ అనుకో" అన్నది.

ఇంట్ల మా ఆయన ఏడు నీళ్ల కడిగిండు.
అయినా పులుసుల ఉప్పెక్కువైంది.
ఎవ్వరం ఏమనలే.
గిన్నె ఊడ్సినం.